దయ్యమోళ్ళ పిల్ల

మా వంశంలో ఒక దయ్యం ఉంది. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, లేకపోతే కొంచెం జరిగి కూర్చుంటారు. నవ్వేవాళ్ళ మీద నాకు కోపం లేదు. జరిగి కూర్చునేవాళ్ళ మీదా లేదు. నవ్వుతూ నవ్వుతూనే జరిగి కూర్చునేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

పెనుకొండ కింద మా పల్లె. గొర్రెలు కాసుకుంటూ, వాన పడిన ఏడు వేరుశనగ వేసుకుంటూ బతికిన ఇల్లు మాది. ఊళ్ళో మమ్మల్ని దయ్యమోళ్ళు అంటారు. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ కూడా "దయ్యమోళ్ళ ఇల్లు యాడప్పా?" అని అడుగుతూ వచ్చాడు. ఆ దయ్యం మా నాయనకు అవ్వ, నాకు ముత్తవ్వ. ఇంట్లో అందరం ఆమెను దయ్యమవ్వ అనేవాళ్ళం. ఆ పిలుపులో భయమేమీ ఉండేది కాదు. మిగతా ఇళ్ళలో పెద్దవ్వ, చిన్నవ్వ ఉన్నట్టు మాకు దయ్యమవ్వ ఉండేది, అంతే.

మా ముత్తాత పడుచువాడుగా ఉన్నప్పుడు కొండ మీది పాత కోట గోడల కింద గొర్రెలు మేపుతుండేవాడట. ఒకనాటి మిట్టమధ్యాహ్నం కూలిపోయిన బురుజు మీద ఒకామె తలారబోసుకుని కూర్చుని ఉంది. జుట్టు కిందున్న రాళ్ళను తాకుతోంది. చూడగానే ఆయనకు అర్థమైపోయింది, ఇది మనిషి జుట్టు కాదని. ఇంకొకడైతే గొర్రెలు వదిలి పరిగెత్తేవాడు. మా ముత్తాతకు మాత్రం దయ్యం వెంట్రుకలు చేతిలో ఉంటే దయ్యం మన మాట వింటుందని ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చింది. పైగా బొచ్చు కత్తిరించే కాలం కావడంతో గొర్రెల కత్తెర మొలలోనే ఉంది. వెనక నుంచి పోయి, గొర్రెకు కత్తిరించినట్టే ఒక పాయ కత్తిరించుకుని కొండ దిగి పరుగెత్తాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె గడప దగ్గర నిలబడి ఉంది.

"నా వెంట్రుకలు నాకియ్యి."

"ఇయ్యను. లోపలికి రా, సంగటి తిందువు గానీ."

మా వంశంలో మొట్టమొదటి పెళ్ళిమాటలు ఇవే. ఆమె లోపలికి వచ్చింది, సంగటి తినింది, ఉండిపోయింది.

వెంట్రుకలు ఎక్కడ దాచినా దొరికిపోతాయని ఆయనకు భయం. అందుకని వాటిని నల్లబొచ్చులో కలిపి వడికించి, ఆ నూలుతో ఒక కంబడి నేయించాడు. ఆ కంబడే ఇద్దరూ కప్పుకుని పడుకునేవాళ్ళు. ఆమె ఏడాదికోసారి ఇల్లంతా తలకిందులు చేసి వెతికేది. గింజల గరిసెల్లో వెతికేది, ఇంటి కప్పులో వెతికేది, పొయ్యి కింద తవ్వేది. కప్పుకున్న దాంట్లో మాత్రం వెతికేది కాదు. ఆయన అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతూ ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఊరివాళ్ళకు మాత్రం ఆయన నిజం చెప్పలేదు. రొళ్ల వైపు పిల్ల, అమ్మానాయన లేరని చెప్పాడు. ఊరు నమ్మింది. కానీ ఆమె పని చూస్తే ఎవరికైనా అనుమానం రావలసిందే. చెట్టుతో సహా పీకి కుప్ప పోసిన వేరుశనక్కాయలన్నీ తెల్లారేసరికి వలిచిపెట్టేదట. కట్టెలు లేకపోతే తన కాలే పొయ్యిలో పెట్టి సంగటి వండేదట. ఇవన్నీ నేను చూసి చెప్పడం లేదు. మా అవ్వ చెప్పింది. మా అవ్వ అంటే నాయనకు అమ్మ, దయ్యమవ్వకు సొంత కోడలు. చిన్నప్పుడు అడిగాను, "దయ్యమవ్వ ఎట్లుండేదవ్వా?" అని.

"ఎట్లుంటాది, అత్త మాదిరి ఉండె" అంది అవ్వ.

మా తాతకు, అంటే దయ్యమవ్వ కొడుక్కు, పెళ్ళి కుదిరినప్పుడు ఆమె పట్టుబట్టిందట, పిల్లనిచ్చేవాళ్ళకు తానెవరో చెప్పి తీరాలని. ముత్తాత బతిమాలినా వినలేదు. అవ్వ వాళ్ళ నాయన అంతా విని, నమ్మి, గజగజ వణికి, అయినా పిల్లనిచ్చాడు. "మా ఇంట్లో తినేదానికి లేకపాయ మరి" అనేది అవ్వ, పుట్టింటి గొప్ప చెప్పుకున్నట్టు.

ఆనాటి నుంచి మా ఇంట్లో అది ఆచారమైంది. పిల్లనిచ్చినా, తెచ్చుకున్నా, తాంబూలాలకు ముందు ఇంట్లో పెద్ద ఆడమనిషి దయ్యమవ్వ సంగతి అవతలివాళ్ళకు చెప్పాలి. చెప్తే చాలదు. వాళ్ళు నమ్మాలి. నమ్మి ఒప్పుకోవాలి. చిక్కంతా ఇక్కడే. నమ్మినవాళ్ళు పారిపోతారు. నమ్మనివాళ్ళకు మా అవ్వ పిల్లనివ్వదు.

నా చదువు ఇంటరుతో ఆగిపోయాక సంబంధాలు రావడం మొదలైంది. ఆమడగూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు అవ్వ చెప్పింది విని పూర్తిగా నమ్మారు. కాఫీలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకాయన చెప్పు ఒకటి మా వాకిట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. అవ్వ సగం చెప్పేసరికి పకపకా నవ్వి, ఇదంతా మూఢనమ్మకం అన్నాడు.

"ఏమప్పా, మా అత్త మూఢనమ్మకమా? లెయ్యి. ముందు పైకి లెయ్యి" అని అవ్వ ఆయన్ను వాకిలి దాటేదాకా తరిమింది.

అమ్మ ఏడ్చింది. నాయన గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం అందరినీ తిట్టుకున్నాను. పారిపోయినవాళ్ళను, నవ్వినవాణ్ణి, అవ్వను, కోటలో నీడపట్టున కూర్చోకుండా బురుజెక్కి తల ఆరబోసుకున్న ఆ దయ్యమవ్వను కూడా.

తర్వాత నేను హిందూపురంలో ఒక ఎస్టీడీ బూతులో పనికి చేరాను. రోజూ పొద్దున ప్యాసింజరు రైలెక్కి పోవడం, సాయంత్రం అదే రైల్లో తిరిగి రావడం. తొంభైల మొదట్లో ఎస్టీడీ బూతంటే చిన్న రాజ్యం. ఊళ్ళో ఎవరికి ఎవరితో పొత్తు ఉందో, ఎవరికి ఎవరితో చెడిందో అన్నీ నాకు తెలిసేవి. అద్దాల తలుపు సరిగా పడేది కాదు. పడేట్టు చేయించమని నేను ఓనరుకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ బూతుకు వచ్చేవాడు ధర్మవరం నుంచి ఒకతను. పట్టుదారం కొనడానికి హిందూపురం వచ్చి, ఆ పూట ధర ఎంతుందో ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మకు చెప్పేవాడు. ఆమె కొనమంటే కొనేవాడు, వద్దంటే వట్టి చేతులతో రైలెక్కేవాడు. వాళ్ళూ మావాళ్ళే. ఒక తరం వెనక గొర్రెలు అమ్మేసి మగ్గం పట్టుకున్నవాళ్ళు. ఫోన్‌లో ఆయన అనేది ఒకే మాట. "సరేమ్మా. సరేమ్మా. సరేమ్మా." రిసీవరు పెట్టేశాక కూడా ఒకసారి "సరేమ్మా" అనేవాడు.

వాళ్ళింట్లో ఫోన్ లేదు. పక్కింటికి చేసి "మా అమ్మను కొంచెం పిలవండి" అని పెట్టేసి, ఆమె వచ్చేదాకా నా ముందున్న స్టూలు మీద కూర్చుని మళ్ళీ చేయాలి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మగ్గం దగ్గర నుంచి లేవాలి, గడప దాటాలి, పక్కింటి మెట్లెక్కాలి. ఆ మోకాళ్ళే లేకపోతే మా ఇద్దరికీ ఒక మాటా లేదు, పలుకూ లేదు. ఆమె మెల్లగా నడిచేకొద్దీ మేం ఎక్కువ మాట్లాడుకున్నాం. ఒకసారి ఆమెకు ఏదో తైలం పనిచేసి నొప్పి తగ్గిందని ఆయన చెప్తే, పైకి సంతోషం నటించి లోపల బాధపడ్డాను.

ఆయన పెళ్ళి మాట ఎత్తిన రోజున నేను ముందే చెప్పేశాను. "మా ముత్తవ్వ దయ్యం."

"మా అమ్మ గూడా" అన్నాడు.

తమాషా కాదని మొత్తం చెప్పాను. కత్తెర, కంబడి, పొయ్యిలో కాలు, ఏదీ వదల్లేదు. ఆయన నవ్వలేదు, జరిగి కూర్చోలేదు. "నమ్మాలని ఉండాది గానీ నమ్మకం రాలేదు" అన్నాడు.

"వచ్చిందని చెప్పు మా అవ్వకు. చాలు."

"అబద్ధం నాకు రాదు."

"రోజూ మీయమ్మకు సరేమ్మా అంటాండావే, అదేంది?"

"అది అబద్ధం గాదు. అలవాటు."

పాపం, నమ్మడానికి మనిషి కష్టపడ్డాడు. ఒక ఆదివారం ఒంటరిగా పెనుకొండ కొండెక్కి, మిట్టమధ్యాహ్నం దాకా బురుజుల మధ్య కూర్చుని వచ్చాడు. మొహమంతా ఎండకు కమిలిపోయింది. "ఏమైంది?" అని ఆశగా అడిగాను. "కోతులుండాయి. నా టిఫిను ఎత్తకపోయినాయి" అన్నాడు.

ఇక మా అమ్మ తన ఉపాయం తాను వేసింది. ఆయన వాళ్ళమ్మను తీసుకుని చూపులకు వచ్చే వారంలో అవ్వను రొళ్లలో ఉన్న మా మేనత్త ఇంటికి పంపేసింది. అవ్వ లేకపోతే చెప్పేవాళ్ళు ఉండరు, చెప్పకపోతే నమ్మకం గొడవ ఉండదు. పెళ్ళయ్యాక చూసుకోవచ్చు. మొదటిసారి అమ్మ తెలివి మీద నాకు గౌరవం కలిగింది.

ఆయన, వాళ్ళమ్మ, ఒక మేనమామ వచ్చారు. వాళ్ళమ్మ భారీ మనిషి. మంచం మీద కూర్చుంటే మంచం తన అభిప్రాయం కిర్రుమని చెప్పింది. నేను ఉగ్గాని, బజ్జీలు తెచ్చిపెట్టాను. ఆమె తిని బాగుందంది. మా నాయన కొంచెం నవ్వాడు కూడా. సరిగ్గా అప్పుడే వాకిట్లో గొడుగు మూసిన చప్పుడైంది. చంకలో గుడ్డసంచితో అవ్వ. మా మేనత్త నోరు ఆగలేదన్నమాట. పొద్దున్నే చూపుల సంగతి చెప్పేసింది, అవ్వ ఉన్నపళాన బస్సెక్కింది.

"నేను లేకుండానే చెప్పేసినారా?" అంది మా అమ్మను చూస్తూ.

అవ్వ సంచి పక్కన పెట్టి, చెంబెడు నీళ్ళు తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుని మొదలుపెట్టింది. ఎప్పుడూ చెప్పేదానికన్నా ఆ రోజు ఇంకా బాగా చెప్పింది. పొయ్యిలో కాలు పెట్టే చోటికి వచ్చేసరికి తన కాలు చాపి చూపించింది కూడా. చెప్పడం అయిపోగానే వచ్చినవాళ్ళందరి తలలూ ఒక్కసారిగా నా పాదాల వైపు వంగాయి, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. నాకు ఒళ్ళు మండి చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, వేళ్ళు ఆడించి మరీ చూపించాను. మేనమామ మెల్లగా గడప దగ్గరికి జరిగాడు.

వాళ్ళమ్మ మాత్రం కదల్లేదు. "కాయలన్నీ తెల్లారేతలికి వలిచేసేదా?" అని అడిగింది.

"ఆఁ" అంది అవ్వ.

"కూలోళ్ళు లేకుండానా?"

"కూలోళ్ళెందుకు?"

"కండెలు చుట్టేదా?" కండెలంటే మగ్గంలో పేకకు వాడే దారం చుట్టిన పుల్లలు. వాళ్ళింట్లో ఎప్పుడూ ఆ పనికే చేతులు చాలేవి కావు.

"మాకు మగ్గాలు లేవు. ఉండింటే చుట్టేది."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. సంతలో ఎద్దును చూసేవాళ్ళు కూడా అంత ఓపికగా చూడరు. "ఈ పిల్లకు ఆ రక్తం ఎంతమాత్రం వచ్చింటాది?"

"ఇంట్లో అందరికన్నా దీనికే ఎక్కువ" అంది అవ్వ గర్వంగా. "దాని కోపం చూస్తే నీకే తెలుస్తాది."

"అయితే మాకిష్టమే" అంది ఆమె.

అమ్మ స్తంభం పట్టుకుంది. మా ఇంటి చరిత్రలో విని, నమ్మి, సంతోషంగా ఒప్పుకున్న మనిషిని మేమెప్పుడూ చూడలేదు. నాయన దేవుడి పటం వైపు చూసి దండం పెట్టాడు. ఆమె ఇంకా ఆపలేదు.

"పిల్లతో పాటు ఆ కంబడి గూడా ఇయ్యండి. నా బీరువాలో పెట్టి బీగం ఏసుకుంటా. మాది పట్టు పని. పడుగు సగంలో ఉండగా ఈమె లేచి పోతే నేనేం జేసేది?"

అప్పటిదాకా నాకు నవ్వుగానే ఉంది. ఆ మాటతో నవ్వు పోయింది. ఆ కథలో వెంట్రుకలు దాచిన ముత్తాత తెలివికి మేమందరం నవ్వేవాళ్ళమే కానీ, దయ్యమవ్వకు ఎట్లా ఉండేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆయన వాళ్ళమ్మ బీరువా తాళంచెవి బొడ్లో దోపుకుని తిరుగుతూ ఉంటే, నేను కింద కూర్చుని కండెలు చుట్టడం కళ్ళ ముందు కనిపించింది. నిజంగా ఆ కంబడిలో ఏముందో లేదో, నాకు మాత్రం అది నన్ను కట్టేసే తాడే. నేను ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నోరు తెరిచాడు. ఏ మాట వస్తుందో నాకు తెలుసు. రోజూ మీటరు తిరుగుతుండగా వినే మాటే కదా. నేను అప్పటికే పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. విసరడానికో, లోపల పెట్టడానికో నాకే తెలీదు.

"వద్దమ్మా" అన్నాడు.

వాళ్ళమ్మకు అర్థం కాలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ విననిది. "ఏంది?"

"కంబడి వద్దు."

అవ్వ ఆయన వైపు తిరిగింది. "ఏమప్పా, మా అత్త సంగతి నువ్వు నమ్ముతావా?"

నమ్ముతానని అను, నమ్ముతానని అను, ఒక్క మాట, అని నేను లోపల మొత్తుకున్నాను.

"లేదవ్వా."

అమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. అవ్వ మాత్రం కళ్ళు చిన్నవి చేసి, "నమ్మనోడివి గదా, కంబడి తీసుకుంటే నీకేమి? నీ లెక్కలో ఉత్త బొచ్చే గదా?" అంది.

"నేను నమ్మను గానీ, ఆ పిల్ల నమ్ముతాదవ్వా" అన్నాడు. "మా అమ్మ బీరువాలో కంబడి ఉండాదంటే ఆ పిల్లను కట్టేసినట్టే గదా. అట్ల నాకొద్దు. ఉండాలనిపిస్తే ఉంటాది."

అవ్వ లేచి లోపలికి పోయింది. పెట్టెలో నుంచి కంబడి తీసుకొచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పడేసింది. మా నాయన అదిరిపడ్డాడు. ప్రతి అమావాస్యకూ ఆయన దానికి సాంబ్రాణి పొగ వేసేవాడు.

"తీసకపో. దాంట్లో వెంట్రుకలు లేవులే" అంది అవ్వ.

అవ్వ కూర్చుని, అంతకు ముందు ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది చెప్పింది. ఒకనాడు దయ్యమవ్వ తనకు పేలు చూస్తూ చెప్పిందట. "మొదటేడు కంబడి ఉతికేటప్పుడే దొరికినాయి. నల్లబొచ్చులో నా వెంట్రుకలు నాకు తెలీవా? పీకి పొయ్యిలో ఏసేసినా" అని. మరి ఏటేటా ఇల్లంతా ఎందుకు వెతుకుతావత్తా అని అవ్వ అడిగిందట. దానికి దయ్యమవ్వ చెప్పిన మాటలను అవ్వ గొంతు మార్చి చెప్పింది.

"ఆయప్పకు అదొక సంతోషం మే. దయ్యాన్ని పట్టుకున్నానని రొమ్ము ఇరుచుకోని తిరుగుతాండాడు. నేను ఎతకడం మానేస్తే, ఆ గొర్రెలోడికి ఇంకేముండాది చెప్పు?"

నాకు నవ్వు ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో గుర్తులేదు. అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతూ నవ్వుకునే ముత్తాత, లోపల గరిసెలో తల దూర్చి అంతకన్నా ఎక్కువ నవ్వుకునే ముత్తవ్వ కనిపించారు. ఆయన పోయాక కూడా ఆమె చాలా ఏండ్లు ఇక్కడే ఉందని, ఇక్కడే ముసలిదై ఇక్కడే పోయిందని అప్పుడు గుర్తొచ్చింది. కోటకు తిరిగి పోయిందని ఎవరూ చెప్పలేదు మాకు.

వాళ్ళమ్మ కంబడిని ఒకసారి వాసన చూసి పక్కన పెట్టింది. "వెంట్రుకలు లేకపోతే పోయె. రక్తమైతే ఉండాది గదా" అని తాంబూలాలకు చెయ్యి చాపింది. అంత గట్టి నమ్మకం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు.

"చేసుకోండి. నేను అడ్డం రాను" అంది అవ్వ. "ఈ పిల్లను వాళ్ళ నాయన ఇస్తాడు, వాళ్ళమ్మ ఇస్తాది. నేను మాత్రం నమ్మనోడికి ఇయ్యను. ఆ పిల్లోడు నమ్మినపొద్దే నేనిచ్చేది."

అట్లాగే జరిగింది. పెళ్ళికి అవ్వ వచ్చింది, విందు కడుపునిండా తినింది, పాయసం రెండోసారి అడిగి వేయించుకుంది. మేం కాళ్ళకు మొక్కితే మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నన్ను పెంచింది అవ్వే. ఆమె ఇవ్వకుండా అత్తగారింటికి పోవడం కాలి చెప్పు ఒకటి వదిలేసి నడిచినట్టే అనిపించింది.

ధర్మవరంలో మా అత్త నన్ను తీసుకుపోయి కండెల ముందు కూర్చోబెట్టింది. వీధిలో ఆడవాళ్ళంతా చూడ్డానికి వచ్చారు. నేను రాట్నం తిప్పాను. దారం తెగింది. మళ్ళీ తిప్పాను. చిక్కు పడింది. పట్టుదారం చిక్కు పడితే విప్పడం దయ్యాలకు కూడా చేతకాదు. మా అత్త ధైర్యం వదల్లేదు. "ఇప్పుడే గదా వచ్చింది. అమావాస్యకు చూడండి" అని అందరికీ చెప్పింది. అమావాస్యకు నేను ఒక పడుగు దారాలు తెంపేశాను. పౌర్ణమికి చూద్దామంది. ఒకసారి గ్యాసు అయిపోతే ఆమె పొయ్యి వైపు చూసి, తర్వాత నా కాలి వైపు చూసింది. పైకేమీ అనలేదు. నేను కాలు చీర కిందికి లాక్కున్నాను.

పనికి రాకపోయినా ఆమె నన్ను వాడుకుంది. కొళాయి దగ్గర బిందెల గొడవ వచ్చినప్పుడల్లా నన్ను ముందుకు తోసి, "మా కోడలు దయ్యమోళ్ళ పిల్ల, జాగ్రత్త" అనేది. జనం దారి ఇచ్చేవాళ్ళు. కోపమొచ్చినప్పుడు నా మొహం చూసి నిజమే అనుకునేవాళ్ళు కాబోలు.

పండక్కో పబ్బానికో పెనుకొండ పోయినప్పుడల్లా అవ్వ ఆయన్ను అడిగేది.

"ఏమప్పా, ఇప్పుడన్నా నమ్మినావా?"

"లేదవ్వా."

"సరే, కూకో, అన్నం తిను."

నేను ఎన్ని విధాల బతిమాలానో చెప్పలేను. ఒక్క మాట అంటే ముసలిది సంతోషిస్తుంది కదా అంటే, "అడిగేది ఆమె, అబద్ధం ఎట్లా చెప్పేది?" అనేవాడు. ఈ మనిషికి సరేమ్మా అనడం ఒకటి వచ్చు, నిజం చెప్పడం ఒకటి వచ్చు. మధ్యలో ఉండే లోకవ్యవహారం రాదు. కొన్నిసార్లు ఆయన్ను నిజంగానే పొయ్యిలో పెట్టాలనిపించేది.

తర్వాత మంచి ఏండ్లు గడిచిపోయాయి. పవర్‌లూములు వచ్చాయి. మా మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరి మగ్గం గుంట పూడ్చిన రోజు నుంచి ఆయన చాలాకాలం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మా అత్త మోకాళ్ళు పూర్తిగా పడిపోయి మంచాన పడింది. ఆమెను ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, ఆమె తిట్లు తినడం నా పని. నేను ఒక చీరల అంగట్లో చీరలు మడతపెట్టే పనికి పోయేదాన్ని. రైల్వే స్టేషను పక్కనే ఆ అంగడి. రోజూ సాయంత్రం పెనుకొండ పోయే ప్యాసింజరు కూత పెట్టేది. ఎక్కాలనిపించలేదంటే అది అబద్ధం, అది నాకు బాగానే వచ్చు. చాలాసార్లు అనిపించింది. ఇంటికి పోయి అత్తకు అన్నం పెట్టేదాన్ని. తర్వాత ఆయన కూడా లేచాడు, ఒక అంగట్లో కుదిరాడు. ఆ రోజుల గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చేశాయి. ఒకరోజు నాయన ఫోన్ చేసి అవ్వ అన్నం మానేసిందని చెప్పాడు. ఆయనా నేనూ, మా కూతురూ పొద్దున రైలుకే పోయాం. అవ్వ నడవలో మంచం మీద ఉంది. చిన్నపిల్లంత అయిపోయింది. కళ్ళు మాత్రం అవే. మా కూతురు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అవ్వ అందరినీ దాటి ఆయన్ను చూసింది.

"ఏమప్పా, ఇప్పుడన్నా నమ్మినావా?"

నేను ఆయన వైపు చూడలేదు. చూసి చూసి విసిగిపోయాను. చెంబులో నీళ్ళున్నాయా అని చూస్తున్నాను.

"నమ్మినానవ్వా" అన్నాడు.

చెంబు నా చేతిలోనే ఆగిపోయింది. అవ్వ కళ్ళు చిన్నవయ్యాయి. ముసలిదైనా మోసపోయే రకం కాదు. "నేను పోతాండానని అంటాండావా?"

"లేదవ్వా. మగ్గాలు పోయినాక నేను మనిషి మాదిరి లేను. ఈమెతో ఒక మాట గూడా మాట్లాడలేదు. మా అమ్మ సంగతి నీకు తెలుసు గదా, పడుకోని గూడా ఈమెను తిట్టేది. ఇంట్లో ఏమీ లేదు. పక్కనే రైలు పోతాండె. కంబడి లేదు, కట్టు లేదు, ఎవురూ పట్టుకోలేదు. అయినా పోలేదవ్వా ఈమె. మనిషైతే పోయుండేది."

ఇంత పొడుగు మాట ఆయన నోటినుంచి నేనెప్పుడూ వినలేదు. చూశాడన్నమాట. గోడకు ఆనుకుని కూర్చుని అన్నీ చూశాడన్నమాట.

అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నాయన అవ్వ తల ఎత్తి పట్టుకుని రెండు చుక్కల నీళ్ళు పోశాడు. ఆమె చెయ్యి చాపి, నా చెయ్యి వెతికి పట్టుకుని, ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఇచ్చినా" అంది. "నా మనవరాలు. తీసకపో."

నడుమెత్తు కూతురు పక్కన నిలబడి చూస్తుండగా, ఆ పూట పెళ్ళయిన పిల్లలాగా నేను వెక్కివెక్కి ఏడ్చాను.